బతికున్న దొరకు చావు డప్పు

పోయిన వారం మీరు నన్ను స్టేషన్ ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీద, దుప్పట్లో చుట్టిన గిటారుతో నిలబెట్టి పేజీ తిప్పేశారు. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. నా పేరు యోసేపు. రాళ్లగడ్డ మాదిగవాడలో మా ఇల్లు. కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గార్డు సాబు దగ్గర గిటారు నేర్చుకుని, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు బ్యాండులో మూడేళ్లు జాజ్ వాయించాను. తర్వాత గెంటేశారు. అందరూ వాయించే స్వరానికీ స్వరానికీ నడుమ నాకు ఇంకేవో వినపడతాయి. నేను వాటిని వాయించడం మొదలుపెట్టాక, కింద డాన్సు చేసే జంటలు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకున్నారు. "నీకైనా పిచ్చి ఉండాలి, నీ గిటారుకైనా ఉండాలి" అన్నాడు బ్యాండు మాస్టరు. ఆయన తలకాయలో కొబ్బరినూనె తప్ప ఇంకేమీ ఇంకేది కాదు కాబట్టి గిటారు సర్దుకుని బయటికి వచ్చేశాను.

గెంటేసిన వారానికే నన్ను కన్న అవ్వ రాయించిన కార్డు వచ్చింది. కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టాడని నాయినను గడీలో, అంటే దొర కోటలో, వడ్ల కొట్టంలో వేసి తాళం పెట్టారట. ఆదివారం పగటిపూట గడీలో మిలిట్రీ మేజరుకు చాయ్ పార్టీ ఉందట. కొడుకు వచ్చి ఇంగ్లీషు పాట వాయించి మేజరును మెప్పిస్తే తండ్రిని వదిలేస్తానని దొర మాట ఇచ్చాడట. కార్డులో ఉన్నది ఇంతే. దొర మాటను నమ్మి రైలెక్కిన గాడిదను నేనే.

ఆదివారం ప్రార్థన కాగానే అవ్వా నేనూ గడీకి బయలుదేరాం. మా అవ్వ పేరు మార్తమ్మ. నాయినకు కూడా చర్చిలో దానియేలని బాప్తిస్మం పేరొకటి ఉంది గానీ ఊళ్లో ఎవడూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు. ఆయన దుర్గయ్యే. మా ఇంటి దండెం మీద ఆయన డప్పు వేలాడుతుంది. డప్పు సైతానుదని, మానెయ్యమని పాదిరి. డప్పు కొట్టడం మీ తాతల నాటి వెట్టి అని, మానితే తోలు ఒలుస్తానని దొర. ఇద్దరిలో ఎవరూ ఒక్కరోజైనా ఆ డప్పును సరిగ్గా విన్నవాళ్లు కారు.

అవ్వ చంకలో ఉతికిన ధోవతి, రెండు జొన్న రొట్టెలు ఉన్నాయి. "నీ నాయిన బయటికి రాంగనె కట్టుకునేటందుకు" అంది. ఆమెను గడీ దర్వాజ దగ్గరే ఆపేశారు.

రాళ్లగడ్డ దొర నర్సింగరావు గురించి రెండు మాటలు. మిలిట్రీ హైదరాబాద్ రాజ్యంలోకి దిగి అప్పటికి ఆరు నెలలు. అంతకుముందు సంవత్సరం ఇదే గడీలో, ఇదే గ్రామఫోను ముందు, ఇదే దొర షేర్వాణీ తొడుక్కుని రజాకార్ల సర్దారుకు విందు చేశాడు. సంఘం వాళ్లు గడీ మీదికి వస్తే దొడ్డి దర్వాజ గుండా పట్నం పారిపోయాడు. మిలిట్రీ లారీల వెనక మళ్లీ దిగాడు. ఈసారి నెత్తిన తెల్లటోపీ. ఆ టోపీ కింద ముఖం మాత్రం పాతదే, మార్చుకోవడానికి తీరలేదు.

"ఏందిరా యోసేపూ, పట్నంల ఉండి బలిసినవనుకున్న. గిట్ల ఎండిపోయినవేంది?" అన్నాడు నన్ను చూసి.

"మా నాయినను జర సూపియ్యుండ్రి దొరా. సూసినంక వాయిస్త."

"వాడు కొట్టంల సల్లగ పండుకున్నడు. ముందుగాల నీ పని కానియ్యి."

"గిది వెట్టా దొరా?"

వరండాలో కూర్చున్న పటేలు, పట్వారీ, జనగామ నుంచి వచ్చిన వడ్ల సావుకారు ముగ్గురూ దొర ముఖంలోకి చూశారు, నవ్వాలో వద్దో తెలియక. దొర నవ్వాడు. వెంటనే వాళ్లూ నవ్వారు.

"ఛఛ! వెట్టి యాడుందిరా ఇప్పుడు? సర్కారు బందు జేసింది గద. గిది దేశసేవ."

బయట దేశసేవ చేస్తున్న ఆడవాళ్లు పొద్దటి నుంచీ వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, మధ్యాహ్నానికి ఇంకా అన్నం ముఖం చూడలేదు.

దొర గ్రామఫోను మీద రికార్డు పెట్టి వినిపించాడు. వెన్నెల, గులాబీ, ప్రియురాలు అని సాగే ఇంగ్లీషు వాల్ట్జ్. సూది అరిగిపోయి పాట ముక్కుతూ వస్తోంది. "గిట్లనే గావాలె. ఒక్క ముక్క ఇటుదటు గావద్దు" అన్నాడు వేలు చూపించి. మూడేళ్లు సికింద్రాబాద్‌లో నన్ను చంపింది ఇలాంటి పాటలే. అక్కడ కనీసం అరగని సూది ఉండేది.

ఇంకో ముచ్చట. మేజరు లారీకి లౌడ్‌స్పీకరు ఉంది. దాన్ని ఊరూరా తిప్పి 'లొంగిపోండి, మీకు ఏ హానీ ఉండదు' అని అరుస్తారు. దొర ఆ గొట్టాన్ని అడిగి తీసుకుని గడీ బురుజు మీద, వరండా వైపూ ఊరి వైపూ వినిపించేలా కట్టించాడు. మైకు తెచ్చి నా ముందు పెట్టించాడు. గడీలో మళ్లీ పాటలు మొదలయ్యాయని దేవరుప్పుల బాట దాకా తెలియాలట. వినడం చేతకానివాళ్లకు వినిపించడం మీద ఎంత మోజో!

నాలుగు గంటలకు మేజరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, విసుగ్గా ఉన్నాడు. అతనికి దుబాసీగా బెజవాడ వైపు నుంచి వచ్చిన హవల్దారు ఒకడు. మనవాళ్లు ఎవరు నోరు తెరిచినా వాడు పెదవి బిగించి నవ్వు ఆపుకునేవాడు. తెలుగు భాష తమ జిల్లాలోనే పుట్టిందని, దాన్ని మాకు అప్పిచ్చారన్నంత ధీమా వాడికి.

వాయించాను. వెన్నెల వాయించాను, గులాబీ వాయించాను, ప్రియురాలిని రెండుసార్లు వాయించాను. రికార్డులో సూది ఎక్కడ జారిందో అక్కడ కూడా జారాను, దొర అడిగిందే అది కదా. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కుడిపక్క యాభై అడుగుల దూరంలో వడ్ల కొట్టం, దానికి తాళం. నాయిన లోపల వింటున్నాడు, కొడుకు సికింద్రాబాద్‌లో నేర్చుకున్నది ఇదా అనుకుంటున్నాడు అనిపించి చచ్చిపోయాను. దొర మోకాలి మీద తాళం వేస్తున్నాడు, ప్రతి దెబ్బా తప్పు. సావుకారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. పట్వారీ అయితే కళ్లు తుడుచుకున్నాడు కూడా, పాపం, కళ్లలో దుమ్ము పడిందో ఏమో.

మేజరు ఆవులించాడు.

మెప్పించకపోతే కొట్టం తాళం తీయరు. మేజరు కప్పు కింద పెట్టి ఇంగ్లీషులో నన్నే నేరుగా అడిగాడు. రైల్వే వాళ్ల మధ్య పెరిగిన ఇంగ్లీషు నాది, అర్థమవుతుంది, జవాబూ చెప్పగలను.

"నువ్వు వాయించేది ఇదేనా, ఈయన వాయించమన్నది ఇదా?"

"ఆయన వాయించమన్నది."

"ఎక్కడ పని చేశావు?"

చెప్పాను. ఎందుకు మానేశావన్నాడు. మానలేదు, గెంటేశారన్నాను. అతని ముఖంలో మొదటిసారి కొంచెం ప్రాణం కనపడింది. యుద్ధంలో రెండేళ్లు కలకత్తాలో ఉన్నాడట. అమెరికా సిపాయిల్లో నల్లవాళ్లు కొందరు అర్ధరాత్రి దాటాక, క్లబ్బు మూశాక, తమ కోసం తాము వాయించుకునేవారట. బయట మెట్ల మీద కూర్చుని వినేవాడట. ఆ తర్వాత అలాంటిది చెవిన పడలేదట.

"దేనికి గెంటేశారో అది వాయించు" అన్నాడు.

చదువుతున్న మీకు ఇది చిన్న మాట. నాకు కాదు. పదకొండేళ్లుగా ఈ వాద్యం చంకన పెట్టుకుని తిరుగుతున్నాను. పాదిరి, బ్యాండు మాస్టరు, చివరికి అడవిలో దళం వాళ్లు కూడా ఒకసారి విన్నారు. "ఇందులో ప్రజలేరి కామ్రేడ్?" అని అడిగి టోపీలు సర్దుకుని వెళ్లారు. నాకు వినపడేదాన్ని వాయించమని అడిగిన మొదటి మనిషి ఈ మేజరే. నాకు ఒళ్లు పులకరించింది. నాయిన కొట్టంలో ఉన్నాడన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయాను. దాచను, మరిచిపోయాను.

లావు తీగ మరను వెనక్కి తిప్పి వదులు చేశాను. అది కట్టెకు తగిలి గరగరలాడింది. చాయ్ చెంచా ఒకటి తీసుకుని తీగల కింద దూర్చాను. దొర ముఖం చిట్లించాడు. మైకుకు దగ్గరగా జరిగేసరికి బురుజు మీది గొట్టం కూత పెట్టింది. చెవులు మూసుకున్నారు అందరూ. నేను మాత్రం విన్నాను. గిటారును ఒక పక్కకు తిప్పితే కూత కిందికి దిగుతోంది, ఇంకో పక్కకు తిప్పితే పైకి లేస్తోంది. ఆ కూతను పట్టుకుని వంచడం, సాగదీయడం, తెంపడం నాకు చేతనవుతోంది! తీగను ముట్టకుండానే గిటారు పలుకుతోంది. ఇన్నాళ్లూ స్వరాల సందుల్లో వెతికిన దాన్ని, 'లొంగిపోండి' అని అరిచే ఆ దిక్కుమాలిన గొట్టం నా ఒళ్లో పోసింది.

దొర మాత్రం మేజరు ముఖం చూసి తల ఊపడం మొదలుపెట్టాడు. మేజరు ముందుకు వంగి వింటున్నాడు కదా, మరి ఊపాలి.

ఆ కూత కింద ఒక నడక కావాలనిపించింది. కుడిచేతి బొటనవేలూ కణుపులూ గిటారు పొట్ట మీద కొట్టడం మొదలుపెట్టాయి. రెండు బరువు దెబ్బలు, ఒక ఎడం, ఒక సన్న దెబ్బ, మళ్లీ పెద్ద ఎడం. ఆ ఎడంలో వదులు తీగ గుర్రుమంటోంది. ఏసు సాక్షిగా చెప్తున్నాను, ఏం కొడుతున్నానో ఆలోచించి కొట్టలేదు. ఆ ఎడంలో నలుగురు మనుషులు బరువు మోస్తూ ఒక అడుగు వేయాలి. చిన్నప్పటి నుంచి నాయిన వెనక నడిచి నడిచి నా చేతికి పట్టిన నడక అది.

పెళ్లికొక దెబ్బ, జాతరకొక దెబ్బ, మనిషి పోతే ఒక దెబ్బ ఉంటుంది డప్పుకు. మా వాడలో ఉగ్గుపాలు తాగే పిల్లకైనా ఆ తేడా తెలుసు. దొరకు తెలియదు. నలభై ఏళ్లు మా చేత వెట్టికి కొట్టించుకున్నవాడికి ఏ దెబ్బ ఏదో తెలియదు. పటేలుకు తెలుసు, ముఖం పాలిపోయింది. కానీ మేజరు ఇష్టంగా వింటున్నప్పుడు అది చావు దెబ్బ అని చెప్పడానికి ఆయనకు నాలుక రాలేదు.

లౌడ్‌స్పీకరు గొట్టంలోంచి వస్తే ఏ చప్పుడైనా పాడైపోయే వస్తుంది. నా గిటారు పొట్ట ఊళ్లోకి అచ్చం డప్పులాగే వెళ్లింది. గడీ బురుజు మీది నుంచి, చావు దెబ్బ.

గడీలో ఎవరైనా పోతే పిలవకుండానే రావాలి, అది వెట్టి. కుమ్మరి కుండ తేవాలి, చాకలి పరిచే బట్ట తేవాలి, వడ్రంగులు పాడెకు బొంగులు తేవాలి, ఆడవాళ్లు వచ్చి శోకాలు పెట్టాలి. ఆలస్యమైతే దండుగ కట్టాలి. పది నిమిషాలు కూడా కాలేదు, దర్వాజ దగ్గర మనుషులు నిండిపోయారు. కొందరు భయంతో వచ్చారు, కొందరు అలవాటుతో వచ్చారు. ఎక్కువమంది ఖాయం చేసుకోవడానికి వచ్చారని నా నమ్మకం. అంత హుషారుగా ఊరు గడీలోకి రావడం నేనెన్నడూ చూడలేదు. కుమ్మరి కొత్త కుండను ఏరి తెచ్చాడు.

కాపలా సిపాయిలు మేజరు వైపు చూశారు. కుండలూ బొంగులూ తప్ప ఎవరి చేతుల్లో ఏమీ లేదు. రానివ్వమని మేజరు చెయ్యి ఊపాడు.

ముందు కొమురమ్మ వచ్చింది. ఊళ్లో ఎవరు పోయినా మొదటి శోకం ఆమెదే. వరండా ముందు మట్టిలో కూలబడి, కొంగు నెత్తిన వేసుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"అయ్యో నా దొరా... మమ్ముల ఇడిసి పోయినవా దొరా..."

"ఏయ్ ముసలిదానా! నేను బతికే ఉన్ననే! కండ్లు గనవడ్తలేవా?" దొర కుర్చీలోంచి ఎగిరి లేచాడు, నెత్తి మీది టోపీ కింద పడింది.

కొమురమ్మ కళ్లు తెరవలేదు. శోకం పెట్టే మనిషి మధ్యలో కళ్లు తెరవదు, ఎవరూ ఆపరు, ఏమన్నా తప్పు పట్టరు. పోయినవాళ్ల గుణాలు చెప్పుకుని ఏడవడం ఆమె హక్కు. ఆ ఒక్క హక్కును గడీ కూడా ఏనాడూ ముట్టుకోలేదు, అప్పటిదాకా అవసరం రాలేదు మరి.

"మా ఎర్రచెల్క గుంజుకుంటివి గద దొరా... ఇగ దాన్నెవలు దున్నుతరు దొరా... నా కోడలు పచ్చి బాలింతరాలైతే వరి నాటుకు గుంజుకపోతివి గద దొరా... ఇగ మమ్ముల గంత ముద్దుగ ఎవలు సూస్తరు దొరా..."

మైకు ఇంకా నా ముందే ఉంది, ఎవరూ ఆపలేదు. శోకం బురుజు ఎక్కి దేవరుప్పుల బాట పట్టింది. వెనక పదిమంది ఆడవాళ్లు అందుకున్నారు. మగవాళ్లు దొరను చూశారు, కుండను చూశారు, మళ్లీ దొరను చూశారు. "నేను సావలేదురా!" అని అరుస్తున్నాడు ఆయన. ఊరంతా ఎదురుగా ఉంది, ఒక్కడంటే ఒక్కడు సంతోషపడలేదు.

మేజరు హవల్దారును అడిగాడు, ఏమంటోందని. వాడు నీళ్లు నమిలాడు. "ప్రతి ముక్కా చెప్పు" అన్నాడు మేజరు. వాడు చెప్పాడు. మా మాటను ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు వాడు, ఆ రోజు వినక తప్పలేదు. మేజరు నవ్వాడు. దొరను చూసి నవ్వాడు, ఆ నవ్వులో గౌరవం ఆవగింజంత లేదు. నేనూ నవ్వాను. నా జన్మలో అంత మంచి కచేరీ చేయలేదనుకున్నాను.

అప్పుడే కొమురమ్మ గొంతు ఇంకొంచెం లేచింది.

"మా దుర్గన్నను వడ్ల కొట్టంల ఏసి తాళమేస్తివి గద దొరా... ఇగ ఆ తాళం ఎవలు తీస్తరు దొరా..."

హవల్దారు చెప్పాడు. మేజరు నవ్వు ఆగిపోయింది, దొర వైపు తిరిగాడు.

"ఖైదీనా? నీ దగ్గరా? ఎవరు పట్టుకోమన్నారు? ఎవరిని పట్టుకున్నా నా క్యాంపుకు అప్పగించాలని చెప్పలేదా?"

నా చేతులు గిటారు మీద ఆగిపోయాయి. మేజరుకు ఏమీ తెలియదు! నాయినను వదలడానికి మేజరు మెప్పు అక్కర్లేదు, మేజరుకు ఒక్క మాట చెప్తే సరిపోయేది. నేను వెన్నెలా గులాబీ వాయిస్తూ కూర్చున్నాను.

"తాళం తియ్యి" అన్నాడు మేజరు.

తాళంచెవుల మనిషి రాజలింగం. ముప్పై ఏళ్లుగా గడీలో ఉన్నాడు. దొర వైపు చూశాడు. రాజలింగం కొట్టం వైపు నడిచాడు, ఆ నడకలో ఏదో ఉంది, నాకు నచ్చలేదు. అవ్వ జనంలోంచి దూసుకువచ్చింది. తలుపు తీయగానే ధోవతి పట్టుకుని లోపలికి పోయింది.

కొంతసేపటికి బయటికి వచ్చింది. ధోవతి మడత విప్పలేదు, చేతి మీద అలాగే ఉంది.

"లేడు" అంది నాతో. "యోసేపూ, నీ నాయిన లేడు బిడ్డా."

శోకాలు ఆగిపోయాయి. కొమురమ్మ కళ్లు తెరిచింది.

దొర కిందపడ్డ తెల్లటోపీ తీసి దులుపుకుని నెత్తిన పెట్టుకున్నాడు. ఒక్క నిమిషం కింద ఊరంతటి ముందు పీనుగై నిలబడ్డవాడి ముఖంలోకి రక్తం మళ్లీ వచ్చింది. నేను చూస్తుండగానే వచ్చింది.

"పారిపోయిండు సార్" అన్నాడు మేజరుతో. "దళం మనిషి. శుక్రారం నాడు పారిపోయిండు. మొగుళ్లపల్లి అడివి దిక్కు పోయిండని ఎరుకైంది. చాయ్ తాగినంక నేనే చెప్పాల్నని కూసున్న. వాని కొడుకును గందుకే పిలిపించిన, జాడ ఏమన్న చెప్తడేమోనని."

హవల్దారు అది ఇంగ్లీషులో పెట్టాడు. ఈ మాటలకు వాడు నీళ్లు నమలలేదు.

"అబద్ధం!" అన్నాను. నా గొంతు బురుజు మీది నుంచి ఊరంతా వినపడింది.

తాళంచెవులు మొలకు కట్టుకుంటున్నట్టు నటిస్తూ రాజలింగం మైకుకు అందకుండా నా వెనక్కి వచ్చాడు. పెదవులు కదలకుండా అన్నాడు. "శుక్రారం పొద్దుగాల వడ్ల లారీల ఎక్కిచ్చిండ్రు. నేనే ఎక్కిచ్చిన. మొగుళ్లపల్లి అవతల దొర బామ్మర్ది గడీకి. మిలిట్రీ లారీ వచ్చిందాక ఉంచి, అప్పుడు అడివిల ఇడిసిపెట్టుమన్నడు. ఉరుకుతుంటె వీళ్లే కాలుస్తరని."

విన్నాను. దొరకు మేజరు ముందు చూపించడానికి ఒక కమ్యూనిస్టు శవం కావాలి. అది వడ్ల బస్తాల మధ్య మొగుళ్లపల్లి పోయింది. ఇక్కడ తాళమేసింది ఖాళీ కొట్టానికి. ఆ ఖాళీ కొట్టం కోసం నేను సికింద్రాబాద్ నుంచి వచ్చి వాయించాను.

మేజరు ముందుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడాను. అతను శ్రద్ధగానే విన్నాడు.

"ఎవరు చూశారు?"

"రాజలింగం. ఈయనే ఎక్కించాడు."

హవల్దారు అడిగాడు. రాజలింగం మట్టి వైపు చూశాడు. ఆయన పెళ్లామూ ఇద్దరు బిడ్డలూ గడీ వెనక పాకలోనే ఉంటారు. "నాకేం ఎరుకలేదు బాంచెన్" అన్నాడు. ఆయన మీద నాకు అసహ్యం వేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ అది తప్పని తెలియలేదు.

మేజరు లేచి బెల్టు సర్దుకున్నాడు. సిపాయిలు లారీ వైపు పరిగెత్తారు. "పారిపోయిన ఖైదీ కనపడితే కాల్చమని నాకు ఉత్తర్వు ఉంది" అన్నాడు నాతో. కోపం లేదు ఆ మాటలో, వానొస్తుందని చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు చెప్పింది నిజమైతే అతన్ని ప్రాణాలతో పట్టుకోవాలి. నా మనుషులకు అతని ముఖం తెలియదు. నీకు తెలుసు. లారీ ఎక్కు."

ఎక్కితే నాయిన ముఖాన్ని తుపాకులకు చూపించిన కొడుకును నేనే. ఎక్కకపోతే అడవిలో పరిగెత్తే ప్రతి ముసలివాడూ వాళ్లకు దుర్గయ్యే. దొర నన్నే చూస్తున్నాడు, ఎటు పోయినా ఆయన పని అవుతుందన్న నిమ్మళంతో.

అవ్వ నా చొక్కా పట్టుకుంది. ఏడవలేదు. రొట్టెల మూట నా చేతిలో పెట్టి చెవి దగ్గర అంది, "ఎక్కు కొడుకా. నాయిన కనవడ్తె, వీడు గాదని చెప్పు. యేసయ్య మన్నిస్తడు."

లారీ ఎక్కుతుంటే మేజరు ముందు సీట్లో తన పక్కన జాగా చేశాడు. "గిటారు తెచ్చుకో" అన్నాడు. "ఆ చివర గిటారు పొట్ట మీద కొట్టావే, ఆ ముక్క దారిలో మళ్లీ వినాలి." వెనక తుపాకుల మీద పెడితే గీతలు పడతాయని, ఒళ్లోనే పెట్టుకోమన్నాడు. ఇన్నేళ్లలో నా గిటారు గురించి అంత జాగ్రత్తగా మాట్లాడిన మనిషి నాకు ఇంకొకడు తగల్లేదు.